చారులో ఉప్పుకి గడి లేదు

సోమవారం

రోజువారీ నివేదికలో నాకు మూడు గళ్ళు ఇచ్చారు: ఎన్ని కబుర్లు వచ్చాయి, ఎన్ని కోశాను, తవుడు ఎంత. మూడూ నింపేశాను. కాగితం వెనక వైపు ఖాళీగా ఉంది. వెనక వైపు ఎవరూ చూడరు కాబట్టి అక్కడ నాకు తోచింది రాసుకుంటాను.

నా పేరు ఇందుమతి. కట్టదిగువ పట్నం అమరిక ఆఫీసులో అమరికదారుని. ఇక్కడ ప్రతి ఇంటి గోడకీ ఒక చెవి ఉంటుంది. జనం దాంట్లోకి చెప్పిన కబురు నా బల్ల మీదికి వస్తుంది, జవాబు కూడా దాంట్లోంచే వెళ్తుంది. కోత మీట నొక్కితే యంత్రం దాన్ని ముక్కలు చేస్తుంది. ఏ ముక్క ఏ గడిదారుకి వెళ్ళాలో చూసి అతని గళ్ళలో అమర్చి పంపుతాను. గడిదారుకి తన గళ్ళలో పడ్డదే వినబడుతుంది. మిగిలిందంతా తవుడు. దాన్ని వీధుల వారీగా తట్టల్లో పోసి తవుడు గదికి పంపేస్తాం.

మా పై అధికారి నిరంజన్ గారు పొద్దున్నే నా బల్ల దగ్గర ఆగి, "ఇందుమతీ, ఆరోగ్యం బాగుందా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా పక్క బల్లకి వెళ్ళిపోయారు. ఇది అమర్యాద అనుకోకూడదు. మా పద్ధతిలో ఖాళీ గడి ఉండకూడదు. జవాబు రాకపోతే మంచి జవాబు దానంతట అదే పడిపోతుంది. నా ఆరోగ్యం బాగుందని ఆయన దగ్గర నమోదయ్యే ఉంటుంది. నాకేమో నిన్నటి నుంచి జలుబు.

ఇవాళ నవ్వొచ్చిన కబురు ఒకటుంది. గోడకట్టని ఆనుకుని ఉన్న మడుగు వీధి నుంచి పితాని బుల్లెమ్మ అనే పెద్దావిడ పంపింది.

"ఇదిగో అమ్మాయ్, నేను బుల్లెమ్మనండి. మా కోడలు కనకవల్లి చారు పెడతంది చూడండి, నోట్లో పెట్టుకోడానికి లేదు. ఉప్పుకషాయం. మొన్న చెప్పాను, తగ్గించవే అని. ఇయ్యాల ఇంకా ఎక్కువేసింది. నా మీద కసి కొద్దీ ఏత్తందండి. మా అబ్బాయి చూత్తే పూడిక తీసే పడవ మీద ఉంటాడు, నెలకోసారి వత్తాడు. మా ఆయన పోయిన కాడి నుంచి ఈ ఇంట్లో నా మాటకి ఇలువ లేదు..."

ఇంకా చాలా ఉంది. కోత మీట నొక్కాను. ఇంటి తగువుల గడిదారుకి మూడు గళ్ళు: ఎవరు, ఎవరి మీద, దెబ్బలు తగిలాయా. అత్త. కోడలు. దెబ్బల సంగతి చెప్పలేదు కనుక లేవు. మధ్యాహ్నానికి ఆయన వెళ్ళి, ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి, తగువు తీరిందని రాసి వచ్చేశాడు. ఫోటోలో అత్తాకోడళ్ళ మధ్య ఇంకో మనిషి పట్టేంత చోటుంది.

బుధవారం

బుల్లెమ్మ మళ్ళీ. "ఫోటో తీసుకెళ్ళారు, బానే ఉంది. చారు మాత్రం సముద్రంలా ఉంది. నాకు డెబ్బయ్యేళ్ళండి. ఈ ఉప్పు తిని కాళ్ళు వాచిపోతన్నాయి."

ఈసారి వయసు, ఉప్పు, వాపు అనే మూడు ముక్కలు వైద్యం గడిదారు గళ్ళలో అచ్చంగా పట్టాయి. అంత బాగా అతికిన కబురు ఈ మధ్య నా చేతికి రాలేదు. నిరంజన్ గారు స్వయంగా వచ్చి చూసి, "ఇదమ్మా అమరిక అంటే. ఒక్క గింజ వృథా కాలేదు," అన్నారు. వైద్యం గడిదారు ఆ ఇంటికి ఉప్పు నిషేధించాడు. వంటింట్లో ఉన్న ఉప్పు జాడీ పట్టుకుపోయారు. డిపోలో ఆ ఇంటి నంబరుకి ఉప్పు ఇవ్వకూడదని చెప్పేశారు.

గురువారం

"ఇంట్లో ఉప్పు గల్లు లేదండి," అంది బుల్లెమ్మ. "అయినా చారు ఉప్పగానే ఉంది. ఎక్కడో దాచిందండి ఇది. నాకు తెలీకుండా తెచ్చి ఏత్తంది."

యంత్రం 'దాచింది' అన్న మాట పట్టుకుంది. దొంగసరుకు గడిదారు ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళాడు. కనకవల్లి ట్రంకు పెట్టె వీధిలోకి తెచ్చి బోర్లించారు. ఆమె పెళ్ళి చీర మడతలు విప్పి దులిపారు. తలగడలు కోశారు. వీధంతా చూసింది. ఉప్పు దొరకలేదు. 'ఉప్పు దొరికిందా' అనే అవును-కాదు గడిలో 'కాదు' అని పడింది. పని పూర్తయింది.

సోమవారం నుంచి నేను ఈ ఇంటి సంగతి చూసి నవ్వుకుంటున్నాను. ఇవాళ నవ్వు రాలేదు. ఇంట్లో ఉప్పు లేదు. చారు ఉప్పగా ఉంది. మొదటి ముక్క డిపో గడిలో ఉంది. రెండోది తవుడులో ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన మనిషి ఈ పట్నంలో ఎవరూ లేరు. అలాంటి ఉద్యోగం లేదు.

భోజనాల వేళ తవుడు గదికి వెళ్ళాను. తవుడు చదవకూడదని నిబంధన. చదివితే మనుషుల మీద జాలి పుట్టి కోత వంకర పోతుందట. మడుగు వీధి తట్ట తీసి చదివాను.

ఇస్త్రీ కొట్టు అంజిబాబు సబ్బు నురగ రావట్లేదన్నాడు. సబ్బుల గడిదారు కొత్త సబ్బు పంపాడు. తవుడులో మిగిలిన ముక్క: 'ఈ నీళ్ళతో ఉతికితే'. టీకొట్టాయన పాలు విరుగుతున్నాయన్నాడు. పాలవాణ్ణి పిలిచి చీవాట్లు పెట్టారు. మిగిలిన ముక్క: 'నీళ్ళు కలపంగానే'. ఒకావిడ తులసి మాడిపోతోందంది. ఆమెకి ఇంకో తులసి మొక్క ఇచ్చారు. మిగిలిన ముక్క: 'రోజూ నీళ్ళు పోత్తన్నా కూడా'.

అందరికీ అన్నీ అందాయి. నీళ్ళు మాత్రం తట్టలో ఉండిపోయాయి.

మడుగు వీధి వాళ్ళు తాగే నీళ్ళు ఎగువ నుంచి క్యాన్లలో వస్తాయి. వంటకీ వాడకానికీ వీధి బావి నుంచి కుళాయిలు. ఆ బావికీ గోడకట్టకీ మధ్య దూరం ఒక గేదెని కట్టేసేంత. గోడకి అవతల సముద్రం ఉంది. అది మా ఇళ్ళ కప్పుల కన్నా ఎత్తులో ఉంటుంది.

శుక్రవారం

నిరంజన్ గారి గదిలోకి వెళ్ళి చెప్పాను.

"నువ్వు తవుడు చదివావా?" అన్నారు ఆయన. నేను చెప్పిన దాంట్లోంచి ఆయన గడిలో పట్టింది అదొక్కటే.

"చదివానండి. మడుగు వీధి బావిలోకి సముద్రం దిగుతోందేమోనని నా అనుమానం. కట్ట గడిదారుని ఒకసారి పంపండి."

"కట్ట గడిదారుకి ఉన్నది ఒకటే గడి. గోడ మీంచి నీరు కనబడుతోందా, లేదా. నీరు కనబడుతోందని ఎవరైనా కబురు పంపారా?"

"లేదండి. రుచి మారిందని పంపారు."

"రుచికి గడి లేదు కదా."

"పెట్టకూడదా?"

ఆయనకి కోపం రాలేదు. ఎవరూ చేయని మంచి పనికి నేను పూనుకున్నట్టు చూశారు. "తప్పకుండా పెట్టొచ్చు. కొత్త గడి పెట్టాలంటే దాన్ని అందుకునే గడిదారు ఉండాలి. కొత్త గడిదారుని వెయ్యాలంటే అతనికి గడి ఉండాలి. ఈ రెండింట్లో ఏది ముందు అన్నది కమిటీ తేలుస్తోంది. నేనూ అందులో ఉన్నాను. చురుగ్గా సాగుతోంది."

"ఈలోగా గోడ కూలితే?"

"కూలితే నీరు కనబడుతుంది. అప్పుడు గడి నిండుతుంది," అన్నారు నిరంజన్ గారు. ఆయన వేళాకోళం ఆడటం లేదు. ఆయనకి అది రాదు.

శనివారం

శనివారం ఒంటిపూట. మధ్యాహ్నం నుంచి ఆఫీసులో యంత్రం ఒక్కటే ఉంటుంది, కోతా అమరికా అదే చేసుకుంటుంది. నేను నడిచి మడుగు వీధికి వెళ్ళాను. ఒక కబురు పట్టుకుని దాన్ని పంపిన మనిషి ఇంటికి వెళ్ళడం నా ఉద్యోగంలో ఇదే మొదలు. దారి అడిగితే జనం, "వాళ్ళింట్లో ఎవరన్నా పోయారాండి?" అని అడిగారు.

బుల్లెమ్మ గడప మీద కూర్చుని ఉంది. మోకాళ్ళకి గుడ్డ కట్టుకుంది. లోపల కనకవల్లి బట్టలు మూట కడుతోంది.

"పుట్టింటికి ఎల్లిపోద్దంటండి," అంది బుల్లెమ్మ. "నేనేదో ఆవిడ పెట్టె బోర్లించినట్టు."

"మీరు కాకపోతే ఎవరు బోర్లించారు అత్తయ్యా?" లోపల్నుంచి కనకవల్లి. "మీరు చెవిలో చెప్పబట్టే కదా వచ్చారు. నా పెళ్ళి చీర నడివీధిలో దులిపారండి అక్కా. ఇక్కడ ఇంకెలా ఉండమంటారు?"

నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి దోసిట్లో పట్టి నోట్లో పోసుకున్నాను. మింగలేక ఉమ్మేశాను. గ్లాసుతో పట్టి కనకవల్లికి ఇచ్చాను. ఆమె రుచి చూసి, తీసుకెళ్ళి అత్తగారికి ఇచ్చింది. బుల్లెమ్మ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"అయితే ఇది నువ్వేసింది కాదన్నమాట," అంది, నేల వైపు చూస్తూ.

"కాదు."

"మరి చెప్పవేం?"

"చెప్తే ఇన్నారా?"

నేను మధ్యలో కలగజేసుకుని సంగతి చెప్పాను. చెవి దగ్గరికెళ్ళి 'నీరు కనబడుతోంది' అన్న రెండు మాటలు చెబితే కట్ట గడిదారు వస్తాడన్నాను. అమరికదారులకి సొంత కబురు పంపే వీల్లేదు.

"ఎక్కడ కనపడతంది?" అంది బుల్లెమ్మ.

"కనబడటం లేదండి. ఊరికే అనండి."

"నేను అబద్ధం ఆడనమ్మా. నా కోడలి మీద చెప్పినవి కూడా నేను నిజమనుకునే చెప్పాను. కనపడని నీరు కనపడతందని ఎలా చెప్తాను? నా వల్ల కాదు."

ఎంత చెప్పినా వినలేదు. కట్ట తెగితే మొదట పోయేది ఈ ఇల్లేనన్నాను. పోతే పోనీయండి, అబద్ధం మాత్రం ఆడనంది. అప్పుడు కనకవల్లి మూట పక్కన పెట్టి చెవి దగ్గరికి వెళ్ళింది. ఆమె మాటల్లో ఒక్క పిసరు అబద్ధం లేదు.

"మా ఇంట్లో కళ్ళెంట నీరు కనబడతందండి. రోజూ వత్తంది. ఆగట్లేదండి."

బుల్లెమ్మకి కూడా కాదనడానికి ఏమీ లేదు. కోడలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఖాళీ ఆఫీసులో యంత్రం ఏం చేసి ఉంటుందో నాకు కళ్ళకి కట్టినట్టే ఉంది. 'నీరు కనబడతంది', అవును. 'కళ్ళెంట', తవుడు.

టీ తాగేంతలో కట్ట గడిదారు త్రిమూర్తులు గమ్ బూట్లు వేసుకుని, గడ్డపార భుజాన పెట్టుకుని ఉరికినట్టు వచ్చాడు. లావుపాటి మనిషి, ఆయాసపడుతున్నాడు.

"ఎక్కడండి నీరు?"

కనకవల్లి తన ముఖం చూపించింది. త్రిమూర్తులు ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఆయ్, ఇదేంటండి మేడంగారూ. ఇంత ఉద్యోగంలో నాకున్నది ఒక గడి. దాంతో కూడా ఆడుకుంటే ఎలాగండి? కాదు అని రాసుకుని ఎల్లిపోతాను."

"రాసుకోండి. వెళ్ళేముందు ఈ నీళ్ళు తాగి వెళ్ళండి," అని గ్లాసు ఇచ్చాను.

ఆయన ఎండలో వచ్చాడు. గటగటా తాగబోయి మొదటి గుక్కకే ఆగిపోయాడు. ఆ గుక్కని అలాగే నోట్లో ఉంచుకుని కిటికీలోంచి గోడకట్ట వైపు చూశాడు. తర్వాత బయటికి వెళ్ళి ఉమ్మి, గోడ మొదట్లో గడ్డపార దింపాడు. మోకాలి లోతు తవ్వాడో లేదో, గుంటలో ఇసుక కుతకుత ఉడికినట్టు కదిలింది. నీరు ఇసుకని తోడుకుంటూ పైకి వచ్చింది.

"కింద నుంచి తినేత్తందండి గోడని," అన్నాడు మెల్లిగా. "ఈదంతా కదపాలి."

వీధిని కదిపే అధికారం ఆయనకి లేదు. రాళ్ళు పోసేవాళ్ళు వేరు, జనాన్ని తరలించేవాళ్ళు వేరు. ఆయన పని చూసి చెప్పడం. బుల్లెమ్మ ఇంటి చెవిలోనే చెప్పాడు: "మడుగు వీధి గోడ కింద ఊట పడిందండి. ఇసుక తోడుకొత్తంది. అందరూ వెంటనే రావాలండి."

యంత్రం ఆ కబురుని కోసేలోగా నేనే అమర్చాలని ఆఫీసుకి పరిగెత్తాను. తలుపు తాళం వేసి ఉంది. సోమవారం దాకా తియ్యరు. నిరంజన్ గారి ఇంటికి వెళ్ళాను. ఆయన చెవి ముందు కూర్చుని రాత్రి ఏం కూర వండాలో గళ్ళు నింపుతున్నారు. ఆదివారం పూట ఆఫీసు సంగతులు మాట్లాడటం నిబంధనలకి విరుద్ధమన్నారు. ఇవాళ శనివారమండీ అన్నాను. రేపు ఆదివారం కదా అన్నారు.

సోమవారం

త్రిమూర్తులు కబురు రాళ్ళు పోసేవాళ్ళకే చేరి ఉంటుందని ఆదివారమంతా ఆశపడ్డాను. అది ఎక్కడికి వెళ్ళిందో పొద్దున మడుగు వీధిలో అడుగు పెట్టగానే తెలిసింది. షామియానా వేసి ఉంది. ఏమిటి: ఊట. ఎక్కడ: గోడ కింద. ఎవరు రావాలి: అందరూ. ఇంతకన్నా చక్కటి గళ్ళు ఉత్సవాల గడిదారుకి ఈ ఏడాదంతా రాలేదట. బ్యాండు మేళం వచ్చింది. డప్పులు వచ్చాయి. పిల్లలకి జెండాలు పంచారు. త్రిమూర్తులు తవ్విన గుంట ఇప్పుడు ఎడ్లబండి పట్టేంత అయింది. దాని చుట్టూ రంగు కాగితాలు కట్టి, అడ్డంగా రిబ్బను కట్టారు. ముఖ్య అతిథి నిరంజన్ గారు.

త్రిమూర్తులు వేదిక మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకుని బతిమాలుతున్నాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"అయ్యా, ఇది పండగ ఊట కాదండి. గోడ కింద మట్టి పోతంది. జనాన్ని పంపేయండయ్యా."

"మీ గడిలో ఏముందో అది చెప్పండి. గోడ మీంచి నీరు కనబడుతోందా?"

"మీంచి లేదండి. కింద నుంచండి."

"అయితే కాదు," అని నిరంజన్ గారు మెట్లెక్కి మైకు ముందు నిలబడ్డారు. సముద్రం ఒడిలో తీపి ఊట పుట్టడం మన పట్నం పుణ్యమని మొదలుపెట్టారు. ఆ నీళ్ళు ఎవరూ రుచి చూసినట్టు లేదు.

త్రిమూర్తులు డప్పు కొట్టే అతని దగ్గరికి వెళ్ళి, మెడలోంచి డప్పు తీసుకుని తన మెడలో వేసుకున్నాడు. అడ్డదిడ్డంగా కొట్టుకుంటూ వీధి మొదటి నుంచి నడిచాడు.

"మడుగు వీధి ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, గోడ కూలిపోబోతంది. పిల్లల్నీ ముసిలోళ్ళనీ తీసుకుని ఉన్నపళంగా ఎగువకి నడవండహో."

ఈ తరం వాళ్ళు చాటింపు ఎప్పుడూ విని ఉండరు. ఒక మాట మొదలు నుంచి చివరిదాకా, ఏ ముక్కా తెగకుండా, అందరికీ ఒకేసారి వినబడటం వాళ్ళకి కొత్త. కొందరు ఉత్సవంలో భాగమేమో అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన గొంతులో వణుకు విన్నవాళ్ళు చప్పట్లు ఆపి పిల్లల్ని చంకనేసుకున్నారు. ఒకరు కదిలితే పక్కింటివాళ్ళు కదిలారు. నేను అటు వైపు ఇళ్ళ తలుపులు బాదుకుంటూ వెళ్ళాను.

ఇస్త్రీ కొట్టు అంజిబాబు ఎగువ మెట్ల దాకా మాతో వచ్చాడు. అక్కడ ఆగాడు.

"ఒక్కసారి చెవిని అడిగి వత్తానండి. నిజమో కాదో."

"అంజిబాబూ, నీ కళ్ళ ముందు గుంట ఉంది," అన్నాను.

"ఉందండి. అయినా అడిగితే పోద్ది కదండి, నిమిషం పని," అని వెనక్కి పరిగెత్తాడు.

బుల్లెమ్మ మోకాళ్ళు లేవనివ్వలేదు. గడప మీద కూర్చుని, "నువ్వెళ్ళు, నేను రాలేను," అంటోంది. కనకవల్లి పుట్టింటికి కట్టుకున్న మూట చంకలో పట్టుకుని బయటికి వచ్చింది. అత్తగారిని చూసింది. మూట అక్కడే వదిలేసి ఆమెని వీపున ఎక్కించుకుంది. మెట్లెక్కుతున్నంతసేపూ బుల్లెమ్మ, "నెమ్మది, పడేసేలా ఉన్నావు," అంటూనే ఉంది.

గోడ ఏ చప్పుడూ లేకుండా కుంగింది. ఒక ముసలి ఏనుగు కూర్చున్నట్టు కూర్చుంది. ఆ తర్వాత వచ్చింది చప్పుడు. ఎగువ వీధి మొదట్లో వరద కోసం పెట్టిన ఇనప తలుపులు మూశారు కనుక సముద్రం ఒక్క మడుగు వీధితో ఆగింది. నిరంజన్ గారిని బ్యాండు వాళ్ళు రెక్కలు పట్టుకుని పైకి లాక్కొచ్చారు. ప్రసంగ కాగితం ఆయన చేతిలోనే ఉంది. వీధి జనమంతా బయటపడ్డారు, అంజిబాబు తప్ప.

మరుసటి సోమవారం

విచారణ మా ఆఫీసులోనే జరిగింది. నిరంజన్ గారే అధ్యక్షులు. ఉత్సవం పేరుతో జనాన్ని ఇళ్ళలోంచి బయటికి రప్పించి ప్రాణాలు కాపాడినందుకు ముందుగా ఆయనకే అభినందన తీర్మానం చేశారు. త్రిమూర్తులు అనుమతి లేకుండా వాయిద్యం వాయించాడు కనుక ఆయన్ని కట్ట నుంచి తీసి బ్యాండు మేళంలో వేశారు. బయటికి వస్తూ నాతో, "ఇదే నయమండి. ఇక్కడ కొడితే ఎవరికో ఒకరికి ఇనపడుద్ది," అన్నాడు. కళ్ళలో మాత్రం ఆ ధీమా లేదు. అంజిబాబు ఇంటి వైపు తను ఇంకోసారి తిరిగుంటే బాగుండేది అని రోజూ అనుకుంటున్నాడట. నేనూ అనుకుంటున్నాను.

అంజిబాబు చివరి కబురు నా బల్ల మీదికి వచ్చింది. 'నీరు వత్తందా అండి?' అని అడిగాడు. ఆ వేళకి ఎవరూ ఏమీ చెప్పి ఉండలేదు కనుక దానంతట అదే 'కాదు' అని జవాబు వెళ్ళింది. అది సందేహాల కింద నమోదైంది. తీర్చిన సందేహాలు.

ఆ తర్వాత తప్పుడు కబురు సంగతి తీశారు. శనివారం పితాని వారి ఇంటి నుంచి నీరు కనబడుతోందని కబురు వచ్చింది. గడిదారు వెళ్ళి చూస్తే ఇంట్లో నీరు లేదు. కాబట్టి అబద్ధం. దానివల్లే గందరగోళమంతా మొదలైంది. పంపిన వాళ్ళకి ఏడాదిపాటు చెవి మూసెయ్యాలి. చెవి లేని మనిషికి డిపోలో బియ్యం ఇవ్వరు, ఆసుపత్రిలో చోటివ్వరు, పడవ మీదున్న మొగుడికి కబురు వెళ్ళదు.

"ఎవరు పంపారు?" అని అడిగారు నిరంజన్ గారు.

అత్తగారి పక్కన బెంచీ మీద కూర్చున్న కనకవల్లి లేవబోయింది. ఆమె భుజం పట్టుకుని కూర్చోబెట్టి, ఆ భుజం ఊతంగానే బుల్లెమ్మ లేచి నిలబడింది.

"నేనేనండి."

"గొంతు చిన్నవయసుదని యంత్రం..." అని నేను చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అదృష్టం, నిరంజన్ గారు వినలేదు. ఆయన కాగితం చూసుకుంటున్నారు. పంపినవారి గడిలో ఉండేది ఇంటి నంబరే. గొంతుకి గడి లేదు.

"మీరే పంపారా?"

"ఆయ్. నేనే. నీరు కనపడతందని అబద్ధం చెప్పాను. ముసిల్దాన్ని, బుద్ధి లేక చెప్పాను. దీనికేం తెలీదు, ఇది అప్పుడు వంటింట్లో ఉంది," అంది బుల్లెమ్మ. ఇంత పచ్చి అబద్ధం ఆమె నోట వినడం కనకవల్లికీ అదే మొదలనుకుంటాను.

బుల్లెమ్మ చెవి మూసేశారు.

శుక్రవారం

మడుగు వీధి వాళ్ళని బడిలో ఉంచారు. ఒక గదికి నాలుగు కుటుంబాలు. బడి గోడకి ఒకటే చెవి ఉంది. సాయంత్రం ఆఫీసు కట్టేసే ముందు దాని నుంచి కబురు వచ్చింది. కనకవల్లి గొంతు.

"నమస్కారమండి. మా అత్తగారికి చెవి లేదు కదండి, అందుకని ఆవిడ కబురు నేను చెప్తన్నాను. ఆవిడ నా మీద ఫిర్యాదు చెయ్యమంటన్నారండి. నేను కిటికీ పక్క చోటు తీసుకుని ఆవిడకి తలుపు పక్కన పరిచానంటండి. తలుపు పక్కన గాలి ఎక్కువని నేను పరిచాను, ఆవిడేమో..."

వెనక నుంచి బుల్లెమ్మ గొంతు: "నీ మాటలు కలపకు. నేను చెప్పినట్టు చెప్పు."

"సరేనండి, ఆవిడ చెప్పినట్టే. మా కోడలు నన్ను కుక్కిమంచంలో పడేసి..."

"కుక్కిమంచం ఎక్కడుందే ఇక్కడ?"

"మీరే కదా అన్నారు, అత్తయ్యా."

"ఇందాక అన్నాను. ఇప్పుడు తీసెయ్. ముందు మా అబ్బాయికి మేం బానే ఉన్నామని చెప్పమను. అది రాయించు ముందు."

యంత్రం కోతకి సిద్ధమని దీపం వెలిగించింది. ఇంటి తగువుల గళ్ళు మూడూ తెరిచి పెట్టింది. నిరంజన్ గారు సంచి భుజాన వేసుకుని నా బల్ల పక్క నుంచి వెళుతూ, "ఇందుమతీ, అయిపోయిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తలుపు దాటారు.

మీట మీంచి చెయ్యి తీశాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని, వాళ్ళిద్దరూ చెప్పడం అయిపోయేదాకా విన్నాను.